ఓవెన్ కూస్తే బ్రేకర్ దగ్గరికే ఎందుకు పరుగు?

మా అత్తయ్య ఓవెన్‌ని "బీరువా" అంటారు. తప్పేం లేదు. మన ఇళ్లలో సగం ఓవెన్లు మూకుళ్లు, పెనాలు దాచుకునే అరలేగా. మిన్నెసోటా చలిలో దానికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది: లోపలి బల్బు వేసి పాలగిన్నె పెడితే తెల్లారేసరికి పెరుగు గడ్డలా తోడుకుంటుంది. (కొన్ని కొత్త మోడళ్లలో వేడెక్కని ఎల్‌ఈడీ బల్బులొచ్చి ఆ ముచ్చటా తీరిపోయింది.)

జనవరిలో ఒక సాయంత్రం చిలగడదుంపలు కాలుద్దామని 400 ఫారెన్‌హీట్ మీద పెట్టాను. "అమ్మాయ్, నీ బీరువా కూస్తోంది!" అని అత్తయ్య కేక. వెళ్లి చూస్తే "ఎఫ్3", ఆ వెంటనే "ఈ0", మార్చి మార్చి వెలుగుతున్నాయి. మా ఆయన మేడ దిగి, తిన్నగా గరాజ్‌లోకి వెళ్లి ఓవెన్‌కి కరెంటిచ్చే బ్రేకర్ కట్టేసి మళ్లీ వేశారు. ఐదు నిమిషాలు ఊరుకుని మళ్లీ అదే కూత.

ఆయన ఉద్యోగమేమో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి, ఏం జరిగిందో అది రాసిపెట్టుకున్న లాగ్ చదవడం. లాగ్ చూడకుండా రీస్టార్ట్ కొట్టే కుర్రాళ్లను ఫోన్‌లో ఎలా చీవాట్లు పెడతారో రోజూ వింటూనే ఉంటాను. ఇంట్లో మాత్రం యంత్రం తన జబ్బు పేరు తానే చెబుతుంటే నోరు మూయించడానికి పరుగు! ఆయనొక్కరే కాదు, మనలో చాలామందిమి అంతే. నా గొడవ దాని గురించే.

సర్వీసు కంపెనీకి ఫోన్ చేస్తే కోడ్ ఏమిటని కూడా అడగలేదు. "బోర్డు పోయుంటుంది" అన్నారు, అంటే ఓవెన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. రెండు వారాల తర్వాతే వస్తారట, అదీ ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఎప్పుడైనా. బోర్డుకి చెప్పిన ధరలో ఇంకొంచెం వేస్తే కొత్త ఓవెనే వస్తుంది.

కింది డ్రాయర్ ఊడదీసి చూశాను. ఫ్రేముకి అతికించిన ప్లాస్టిక్ కవరులో మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. దాన్ని టెక్ షీట్ అంటారు. కొన్ని మోడళ్లలో బటన్ల ప్యానెల్ వెనక దాస్తారు. పైన పెద్దక్షరాల్లో "సర్వీస్ టెక్నీషియన్ల కోసం మాత్రమే" అని ఉంది. ఓవెన్ నాది, డబ్బు నాది, కాగితం మాత్రం నాది కాదట! యూజర్ మాన్యువల్‌లో కేక్ ఏ అరలో పెట్టాలో ఉంటుంది గానీ ఎఫ్3 అంటే ఏమిటో ఉండదు. ఈ కాగితంలో ఉంది. మా మోడల్‌లో ఎఫ్3-ఈ0 అంటే ఉష్ణోగ్రత సెన్సార్ తీగ ఎక్కడో తెగిందని. కోడ్‌ల అర్థాలు కంపెనీకీ మోడల్‌కీ మారతాయి, కాబట్టి పక్కింటివాళ్ల కోడ్ మీకు పనికిరాదు.

ఆ కాగితంలోనే భాగాలను పరీక్షించే డయాగ్నస్టిక్ మోడ్‌లోకి వెళ్లే బటన్ల వరుస కూడా ఉంది. అందులో కింది కాయిల్, పై కాయిల్, ఫ్యాన్ విడివిడిగా ఆన్ చేసి చూడొచ్చు. బటన్ నొక్కగానే బోర్డు మీద రిలే, అంటే కరెంటు వదిలే చిన్న స్విచ్చు, "టక్"మంటుంది. టక్‌మని కూడా కాయిల్ వేడెక్కకపోతే అనుమానం ముందు కాయిల్ మీదకు, దాని తీగల మీదకు పోవాలి, బోర్డు మీదకు కాదు. మాది రెండింటికీ టక్‌మంది, రెండూ వేడెక్కాయి. అంటే బోర్డు పాపం నిక్షేపంలా ఉంది.

మిగిలింది సెన్సార్. ఓవెన్ లోపల వెనక గోడకు పైన, పెన్సిలంత సన్నటి ఉక్కు పుల్ల. బ్రేకర్ ఆపి, రెండు స్క్రూలు తీసి మెల్లగా లాగితే తీగలూ కనెక్టరూ బయటికొస్తాయి. కనెక్టర్ ఊడదీసే ముందు అవతలి తీగకి బట్టల క్లిప్పు పెట్టండి. లేకపోతే అది జారి ఇన్సులేషన్ వెనక్కి పోతుంది. నాకు పోయింది, అరగంట వెతుక్కున్నాను. సెన్సార్ లోపల ఉండేది ప్లాటినం. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. గది వేడిలో సుమారు 1,080 నుంచి 1,100 ఓమ్‌లు, 350 ఫారెన్‌హీట్ దగ్గర 1,650 చుట్టుపక్కల చూపాలి. నిరోధం కొలిచే మీటర్ ఆనిస్తే అసలు అంకే రాలేదు, అంటే తెగింది సెన్సార్‌లోనే. ఇంటర్ ల్యాబులో మీటర్ బ్రిడ్జి ముందు తిప్పలు పడి రికార్డు రాసినవాళ్లం, ఒక నిరోధం కొలవడానికి భయమా మనకి? ముప్పై డాలర్ల లోపు సెన్సార్ తెప్పించి బిగించాను.

"నా గంట జీతం లెక్కేస్తే టెక్నీషియనే చవక" అన్నారు మా ఆయన. టెక్నీషియన్ కోసం సగం రోజు ఇంట్లో కూర్చోవడానికి గంట జీతం లెక్కలోకి రాదు కాబోలు.

అలాగని అన్నిట్లోనూ చెయ్యి పెట్టమనడం లేదు. గ్యాస్ వాసనొస్తే బయటికి నడవండి, ఫోన్ బయటినుంచి చెయ్యండి. వారంటీ ఉంటే కంపెనీవాళ్లే చూసుకుంటారు. మైక్రోవేవ్‌ని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, ప్లగ్ పీకేసినా దాని కెపాసిటర్ ప్రాణం తీయగలదు. థ్యాంక్స్‌గివింగ్ విందు ముందు రోజు సెల్ఫ్-క్లీన్ (లోపలి జిడ్డుని ఓవెనే కాల్చేసే సెట్టింగు) కూడా వద్దు. లోపల 800 ఫారెన్‌హీట్ దాటుతుంది, ఆ దెబ్బకి తలుపు తాళం బిగుసుకుపోవడం, థర్మల్ ఫ్యూజ్ పోవడం మామూలే.

ఇంకో తిరకాసు: గడియారం వెలుగుతుంది, ఓవెన్ వేడెక్కదు. మన దేశంలో ఇంటికొచ్చేది 230 వోల్టుల ఒక ఫేజు. ఇక్కడ ఎలక్ట్రిక్ ఓవెన్‌కి 120 వోల్టుల లైన్లు రెండు కావాలి. గడియారానికి వాటిలో ఒకటే చాలు, రెండోది పోయినా అది వెలుగుతుంది. ఇలాంటప్పుడు బ్రేకర్ దగ్గరికి పరుగెత్తితే నేనేమీ అనను.

మిన్నెసోటా, కాలిఫోర్నియాల్లో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న రిపేర్ హక్కు చట్టాలు గృహోపకరణాలకూ వర్తిస్తాయి. 2021 జులై 1 నుంచి అమ్మిన వాటికి కాగితాలు, విడిభాగాలు, పనిముట్లు యజమానికీ అందుబాటులో ఉంచాలి. అడిగేవాళ్లు లేకపోతే చట్టం కూడా డ్రాయర్ కింది కాగితమే.

మన తెలుగు సంఘం ట్యాక్సుల మీద, పిల్లల కాలేజీల మీద సెమినార్లు పెడుతుంది. ఉగాదికి ఎలాగూ హాలు తీసుకుంటారు, పక్క గదిలో నాకొక బల్ల ఇవ్వండి. మీటర్లు నేను తెస్తాను. మీరు డ్రాయర్ తీసి ఫ్రేము మీదున్న మోడల్ నంబరు ఫోటో తీసుకురండి. ముందు మూకుళ్లు బయటపెట్టండి.