ద్రష్టగారికి దుశ్శాలువా

పర్లాకిమిడి కానివ్వండి, బరంపురం కానివ్వండి, రాయగడ కానివ్వండి, సైన్స్ ఫిక్షన్ మీద సభ పెడితే చాలు, వక్త నోట రాలే మొదటి ముత్యం ఒకటే: "ఆయన ద్రష్ట! యాభై ఏళ్ల ముందే అన్నీ చెప్పేశాడు!" ఈమధ్య ఆ ముత్యాలు అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ నెత్తిన పడుతున్నాయి. పాపం, ఆయన 1982 మార్చిలో పోయాడు. ఆయన నవల మీద తీసిన సినిమా 'బ్లేడ్ రన్నర్' జూన్‌లో విడుదలైంది. మనవాళ్లు చదివింది ఆ జూన్‌లో వచ్చినదాన్నే.

ద్రష్టని తయారుచేయడం కష్టమేమీ కాదు. సినిమా ఒకసారి చూడాలి. వాన, రంగు దీపాలు, ఎగిరే కారు గుర్తుంచుకోవాలి. ఫోను పైకెత్తి "దీన్ని ఆయన ఎప్పుడో చూశాడు" అనాలి. తర్వాత చప్పట్లు, దుశ్శాలువా, జ్ఞాపిక. ఒక్కటే జాగ్రత్త, నవల మాత్రం తెరవకూడదు. 'డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?' (1968) కథ జరిగేది 1992 జనవరిలో. అప్పటికే జనం అంగారకుడికి వలసపోతుంటారు. ఆ జనవరిలో మనం ఎస్‌టీడీ బూతు ముందు వరసలో నిలబడి ఉన్నాం. తర్వాతి ముద్రణల్లో ఆ సంవత్సరాన్ని 2021కి జరిపారు. అదీ దాటిపోయింది. ఇంత తప్పే జోస్యుడికి మన సంతలో చాప కూడా పరవనివ్వరు.

ఆయన యంత్రాల గురించి రాసింది తక్కువ, అప్పుల గురించి రాసింది ఎక్కువ. ఆ గొర్రెల నవల నాయకుడు రిక్ డెకర్డ్, మనిషిలా తయారుచేసిన ఒక్కో ఆండ్రాయిడ్‌కి వెయ్యి డాలర్ల లెక్కన చంపే కూలీ. చంపి సంపాదించింది ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద పెట్టి నిజం మేకని కొంటాడు, ఇంటి కప్పు మీదున్న కరెంటు గొర్రెని చూసి పక్కింటివాడి ముందు సిగ్గుపడలేక. 'యూబిక్' (1969)లో జో చిప్ దగ్గర వాయిదాకి కూడా దిక్కులేదు. బయటికి పోదామంటే సొంత ఇంటి తలుపే అయిదు సెంట్లు అడుగుతుంది. రేపిస్తానంటాడు. కుదరదంటుంది. నీకిచ్చేది మామూలే కదా అని దబాయిస్తే, సంతకం పెట్టిన ఒప్పందం తీసి చూసుకోమంటుంది. చూస్తే తలుపు చెప్పిందే నిజం. కత్తి తెచ్చి గడియ మరలు విప్పడం మొదలుపెడితే, మొదటి మర ఊడగానే "దావా వేస్తా" అంటుంది.

ఆ తలుపుని పర్లాకిమిడిలో ఓ కల్యాణమండపానికి బిగించాలని నా ప్రతిపాదన. ముఖ్య అతిథి కారు దిగుతారు.

"అయిదు సెంట్లు."

"నేను ముఖ్య అతిథినయ్యా!"

"చాలా సంతోషం బాబూ. అయిదు సెంట్లు."

కార్యదర్శిగారు ఫోను చూపిస్తారు. తలుపు బిళ్లలే తీసుకుంటుంది. ద్రష్టగారు చంద్రుడి మీదికి మనుషుల్ని పంపారు గాని జేబులో చిల్లర మాన్పించలేకపోయారు మరి. కోశాధికారి పాన్ దుకాణానికి పరుగు. ఈలోగా లోపలున్న శ్రోతలకి తెలిసొస్తుంది, బయటికి పోవాలన్నా అయిదు సెంట్లేనని. వందన సమర్పణ దాకా కుర్చీలు నిండుగా ఉండే సభ జిల్లాలో అదే మొదటిది. చివరికి మర ఊడుతుంది, తలుపు దావా వేస్తానంటుంది. ఎక్కడ, ఒడిశాలోనా, దాటితే శ్రీకాకుళంలోనా అని కార్యవర్గం రెండుగా చీలుతుంది. తలుపుకి మాత్రం ఏ సందేహమూ లేదు. ఒప్పందం దాని దగ్గరుంది.

డిక్ పెద్ద నవలలన్నిటా ఆ ఒప్పందమే నడుస్తుంది. 'ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్' (1962)లో ఒకేలా ఉన్న రెండు లైటర్లు. ఆ నవల్లో హత్యకి గురైన నాడు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జేబులో ఉన్నది ఒకటి, రెండోది మామూలుది. పట్టుకుంటే తేడా తెలీదు. విలువ లైటర్‌లో లేదు, దానితో పాటు వచ్చిన ధ్రువపత్రంలో ఉంది. 'ఫ్లో మై టియర్స్, ద పోలీస్‌మన్ సెడ్' (1974)లో మూడు కోట్లమంది చూసే టీవీ గాయకుడు చవక హోటల్లో నిద్ర లేచేసరికి ఏ దస్త్రంలోనూ లేడు. పోలీసు ఆపితే బలవంతపు కూలీ శిబిరమే. 1936 మార్చి 31న మద్రాసు రాష్ట్రంలో నిద్రపోయి తెల్లారేసరికి ఒరిస్సాలో లేచిన ఊళ్లవాళ్లం, ఈ కథ మనకి ఒకడు విప్పి చెప్పాలా? చెప్పాల్సొస్తోంది. ఎందుకంటే మన వక్త ఇంకా ఎగిరే కారు దిగలేదు.

ఇప్పుడు డెకర్డ్ చేతిలో ఉన్న పరీక్ష సంగతి, ఎదురుగా ఉన్నది మనిషా ఆండ్రాయిడా అని తేల్చేది. వోయిట్-కాంఫ్ అంటారు. బుగ్గకి అంటించిన బిళ్ల ముఖంలో రక్తనాళాల కదలిక కొలుస్తుంది, సన్నటి వెలుగు కంటి కండరాల్ని కొలుస్తుంది. పుట్టినరోజుకి దూడతోలు పర్సు ఇస్తే ఏంచేస్తావని అడుగుతారు. ఆలస్యంగా చలిస్తే మనిషివి కావు. చంపేస్తారు. కొందరు మానసిక రోగులు మనుషులై ఉండి కూడా ఇందులో తప్పొచ్చని డెకర్డ్ పై అధికారే చెబుతాడు. చెప్పి, పని ఆపడు. అదీ నవల! రోబో కాదు! రాళ్లు కొట్టీ కొట్టీ గీతలరిగిన వేలు రేషన్ మిషన్ మీద పడకపోతే, ఎదురుగా నిలబడ్డ ముసలామెని ఊరంతా ఎరిగి ఉండి కూడా "నీ వేలే బాగోలేదమ్మా, రేపు రా" అంటారే, ఆ మాట అనగలిగినవాడి గురించి రాశాడాయన. మిషన్‌ది తప్పంటే ఒక్కడి నోరూ పెగలదు. బియ్యం మాత్రం ఆగిపోతాయి. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని సాంకేతిక ప్రగతి మీద గంటసేపు మాట్లాడటానికి సిగ్గుండాలి. మాట్లాడించినవాళ్లకీ ఉండాలి.

సభ పెట్టేవాళ్లకో చిన్న పరీక్ష ఇస్తాను. బిళ్లలూ వెలుగూ అక్కర్లేదు. మైకు చేతికిచ్చే ముందు వక్తని ఒక్కటే అడగండి: డెకర్డ్ మేకని కప్పు మీంచి తోసిందెవరు? రేచెల్ అంటే మైకివ్వండి. మేకేమిటని అడిగితే కాఫీ ఇచ్చి పంపేయండి. సినిమాలో మేక లేదు.