రెండు చాయ్‌లకి ఒకటి ఫ్రీ

మా గుంటూరు వైపు దాన్ని టీ అంటాం. మా ఆవిడది హనుమకొండ, వాళ్ళు చాయ్ అంటారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ తేడా వల్ల మా ఇంట్లో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, మొన్న కార్తీక పౌర్ణమి దాకా.

మామయ్యగారు అమెరికాలో మేముండే శాన్ హోసే వచ్చి ఆరు వారాలవుతోంది. తాసీల్దారు ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, శుద్ధ శాకాహారి. నేను కాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. అయినా ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ కోడిగుడ్డు పేరెత్తరు. కార్తీకం వచ్చాక ఉల్లి, వెల్లుల్లి కూడా సెలవు తీసుకున్నాయి. సొరకాయ, బీరకాయ, మధ్యలో మార్పు కోసం మళ్ళీ సొరకాయ.

పౌర్ణమి నాడు ఇంటిల్లిపాదికీ ఉపవాసం. సాయంత్రం దీపాలు పెట్టి, చంద్రుణ్ణి చూశాకే ఏదైనా నోట్లో పడేది. చాయ్‌కి మాత్రం దోషం లేదని మామయ్యగారి శాస్త్రం. చిక్కేమిటంటే మా ఆవిడ పొద్దున్నే ఇంట్లో ఉన్న పాలన్నీ శివుడికి అభిషేకం చేసి ఆఫీసుకు వెళ్ళిపోయింది. పదకొండయ్యేసరికి మామయ్యగారు హాల్లో అటూ ఇటూ నడుస్తూ, ప్రతి మలుపులోనూ వంటింటి వైపు ఒక చూపు వేస్తున్నారు.

"పదండి, పాలు తెద్దాం" అని కారు తీశాను. పాలు మా వీధి చివర కూడా దొరుకుతాయి. కారు మాత్రం స్టోరీ రోడ్డు వైపు తిరిగింది. దాన్ని నేను తిప్పలేదు, ఆరు వారాలుగా ముక్క తగలని నా నాలుక తిప్పింది.

స్టోరీ రోడ్డు అంటే మా ఊళ్ళో లిటిల్ సైగాన్, వియత్నాం వాళ్ళ పేట. అక్కడ నా ప్రాణానికి ప్రాణమైన ఒక చిన్న బేకరీ ఉంది. బోర్డు ఎండకి వెలిసిపోయి ఉంటుంది. తలుపు మీద రెండు కాగితాలు అంటించి ఉంటాయి: క్యాష్ మాత్రమే, రెండు కొంటే ఒకటి ఫ్రీ. లోపల పొద్దుటి నుంచి ఓవెన్ ఆరదు. అక్కడి బాన్ మీ కొరికితే పై పెంకు అప్పడంలా ఫటేల్మని పగిలి ఒడినిండా పొట్టు రాలుతుంది, లోపల మాత్రం దూది. బాన్ మీ అంటే నిజానికి గోధుమ రొట్టె, అంతే. 1859లో ఫ్రెంచివాళ్ళు సైగాన్‌ని పట్టుకున్నారు, వాళ్ళ వెనకే రొట్టే వచ్చింది. గోధుమ పండని దేశం, పిండి ఓడల మీద రావాలి, కాబట్టి అది దొరల తిండి. దొరలు 1954లో మూటాముల్లె సర్దుకున్నాక సైగాన్ వీధి బళ్ళవాళ్ళు దాని పొట్ట చీల్చి, ముల్లంగీ క్యారటూ ఊరేసిన ముక్కలు, కీర, కొత్తిమీర, పచ్చిమిర్చి కూరి తమ దాన్ని చేసేసుకున్నారు. 1975లో సైగాన్ చేజారాక దేశం విడిచి వచ్చినవాళ్ళతో అది మా ఊరు చేరింది. ఇంత చరిత్ర నేనెందుకు చదివానంటే, వారానికి రెండుసార్లు అక్కడికెందుకు వెళ్తావని మా ఆవిడ ఒకసారి అడిగింది.

నేను తినేది ఒకటో నెంబరు. అందులో పందిమాంసం మూడు రకాలు, వాటి కింద లివర్ ముద్ద. మామయ్యగారికి కాఫీ ఏదో ఇప్పించి, ఆయన చూడకుండా ఒకటో నెంబరు పట్టేసి, పాల దుకాణం పార్కింగులో రెండు నిమిషాల్లో ముగించాలని నా పథకం. ఉపవాసం సంగతంటారా? శివుడు భోళాశంకరుడు.

ఆ బేకరీ ముందు కారుకి చోటు దొరకడమంటే శివరాత్రికి శ్రీశైలంలో గది దొరకడమే. మామయ్యగారిని తలుపు దగ్గర దింపి, "లోపల కూర్చోండి, వచ్చేస్తా" అని మూడు చుట్లు తిరిగాను. ఆ మూడు చుట్లలో అంతా అయిపోయింది.

నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అల్లుడూ, నువ్వు చెప్పనే లేదు! గీడ చాయ్ గూడ ఉన్నది. ఒక్క తీరు గాదు, నాలుగు తీర్లు!"

ఆయన వేలు చూపించిన చోట, బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాల్లో నాలుగు వరసలున్నాయి. ప్రతి వరసలోనూ సి, హెచ్, ఏ, వై.

వియత్నామీస్‌లో చాయ్ అంటే శాకాహారం. వాళ్ళలో బౌద్ధులు చాలామంది అమావాస్యకీ పౌర్ణమికీ మాంసం ముట్టరు, అందుకే ఆ రోజు ఆ వరసల దగ్గర గిరాకీ ఎక్కువ. ఆ భాషలో ఇంకో మెలిక ఉంది. అదే మాటని గొంతు మార్చి అంటే పరుగెత్తడం, ఇంకోలా అంటే మాడిపోవడం, మరోలా అంటే కారిపోవడం. సాయంత్రానికి నాకు ఆ మూడూ జరిగాయి.

"చెప్పేసిన" అన్నారు మామయ్యగారు. "టూ చాయ్ అన్న. హాట్ అన్న. హాటా అని మళ్ళ అడిగింది. వెరీ వెరీ హాట్ అన్న. సల్లారిన చాయ్ నాకు పడదు గద."

అమెరికాలో రొట్టె కొట్టు దగ్గర నిలబడి వెరీ హాట్ అంటే మిరపకాయలు ఎక్కువ వెయ్యమని. లోపల ఒకతను హాలపీన్యో మిరపకాయలు చక్రాలు చక్రాలుగా తరుగుతూనే ఉన్నాడు, ఆగడం లేదు.

డబ్బులు కూడా ఆయనే కట్టేశారు. హనుమకొండ నుంచి తెచ్చుకున్న ఇరవై డాలర్ల నోటు ఇచ్చి చిల్లర లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నారు. రెండు చాయ్‌లకి సుమారు వెయ్యి రూపాయలు. ఆయనకి అనుమానం రాలేదు. అమెరికాలో చాయ్ ఐదొందలని మొన్ననే మేం తీసుకెళ్ళిన కాఫీ షాపులో నేర్చుకున్నారు.

నేను అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పబోయాను కూడా. సరిగ్గా అప్పుడే కౌంటర్ దగ్గరి పెద్దావిడ, "రెండు కొన్నారు, ఒకటి ఫ్రీ. ఏది కావాలి?" అంది. ఆవిణ్ణి అక్కడ అందరూ కో అని పిలుస్తారు, అంటే మేనత్త. వాళ్ళూ మనలాగే ఊళ్ళో వాళ్ళందరికీ వరసలు కలుపుతారు. మేనత్త అడిగితే కాదంటామా? మామయ్యగారు చెరుకురసం మిషను వైపు చూస్తున్న క్షణం చూసుకుని, "నెంబర్ వన్" అన్నాను, గుళ్ళో పూజారికి గోత్రం చెప్పినంత మెల్లగా. ఆవిడ దాన్ని వంటగదిలోకి మైకు పెట్టినట్టు అరిచింది. నా అదృష్టం, వియత్నామీస్‌లో అరిచింది.

కాసేపటికి ప్లాస్టిక్ సంచి వచ్చింది. అందులో మూరెడు పొట్లాలు మూడు. ఒకే తెల్ల కాగితం, ఒకే రబ్బరు బ్యాండు. పెన్నుతో రెండింటి మీద సి అనీ, ఒకదాని మీద 1 అనీ గీకి ఉంది.

"పార్సల్ ఎందుకు కట్టింది? నేను ఈడనే తాగుతుంటి గద" అన్నారు మామయ్యగారు. మళ్ళీ ఆయనే సర్దుకున్నారు. మన దగ్గర మాత్రం పార్సిల్ చాయ్ అంటే కవర్లో పోసి మూతి బిగించి దారం కట్టి ఇవ్వడం లేదూ? ఇక్కడ పొడుగు డబ్బాల్లో పోసి వేడి పోకుండా కాగితం చుట్టారనుకున్నారట. సంచి అడుగున ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి వేసి, తెప్పోత్సవంలో దీపం పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకుని కారెక్కారు.

"మెల్లగ నడుపు. ఒలుకుతది."

ప్రతి సిగ్నల్ దగ్గరా చెబుదామనుకున్నాను. ప్రతి సిగ్నలూ పచ్చగా ఉంది.

ఇంటికొచ్చాక ఆయన సంచి బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, ముందు రసీదు తీసి చదివారు. ఏ వస్తువు కొన్నా ముందు కాగితం చదవడం, తర్వాతే వస్తువు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అప్పుడు ఒక పొట్లాన్ని నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు.

"అల్లుడూ, చాయ్ గడ్డ కట్టింది."

ఇక దాచి లాభం లేక చెప్పేశాను. ఆ భాషలో చాయ్ అంటే ఏమిటో, పౌర్ణమికి వాళ్ళేం తింటారో, లోపలున్నది సోయాతో చేసిన ఉత్తుత్తి మాంసమనీ. ఆయన జమాబందీ వింటున్నట్టు విన్నారు.

"ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ?"

"నిష్ఠగా ఉండేవాళ్ళు అవి కూడా వాడరు మామయ్యా."

"బుద్ధుడు మన విష్ణుమూర్తే గద. పొద్దుమూకినంక తింట తియ్యి."

ఇంతలో నా మీటింగు మొదలైంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఆయన వచ్చి, కారులో కళ్ళద్దాలు మర్చిపోయానని తాళం అడిగితే, తల తిప్పకుండా అందించాను.

మీటింగు అయ్యాక వంటింట్లోకి వెళ్తే బల్ల ఖాళీ. నా గుండె కూడా.

"కాగితాలు తడిసినయి. విప్పి, రెండేసి ముక్కలు కోసి, స్టీల్ డబ్బల పెట్టిన" అన్నారు మామయ్యగారు హాల్లోంచి, చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండా. కాగితాలు చెత్తబుట్టలో ఏది సి యో ఏది 1 ఓ తెలియకుండా గుడ్డు సొనలా కలిసిపోయి ఉన్నాయి. డబ్బా మూత తీసి చూశాను. గోధుమరంగు రొట్టె, గోధుమరంగు పీచు. ఆ ఉత్తుత్తి మాంసం చేసినవాడి పనితనం ఏం చెప్పను, చూపుకి ఏది పందో ఏది సోయానో బ్రహ్మకి కూడా తెలియదు. పైగా హాల్లోంచి వంటింట్లోకి సూటిగా కనపడుతుంది. మూత పెట్టేశాను.

ఐదింటికి మా ఆవిడ వచ్చింది. "పాలేవి?" అంది. నేనూ మామయ్యగారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ వెళ్ళి తనే తెచ్చుకుంది.

మూడువందల అరవై అయిదు వత్తులు ఇంట్లో వెలిగిస్తే పొగ అలారం మోగి ఫైరింజన్ వస్తుంది కాబట్టి మా దీపాలన్నీ పెరట్లోనే. తండ్రీకూతుళ్ళు నెయ్యిలో నానిన వత్తులు పట్టుకుని అటు వెళ్ళారు. నాకు దొరికింది ఆ పది నిమిషాలే. దీపం అవగానే ఆయన డబ్బా తెరుస్తారు. నిండు కార్తీక పౌర్ణమి నాడు, ఉపవాసం చేసిన పెద్దాయన నోట్లో నా ఒకటో నెంబరు పడితే నాకు ఏడు జన్మల దాకా లెక్క తేలదు.

డబ్బా తీసి ముందు వాసన చూశాను. అన్నిటికీ ముల్లంగి వాసనే. మరి మిగిలింది ఒకటే దారి. మొదటి ముక్క ఒక మూల కొరికాను. మెత్తగా, పీచుపీచుగా, కమ్మగా ఉంది. ఇదే పంది, సందేహం లేదు. నిర్ధారణ కోసం రెండోది కొరికాను. ఇదీ పందే. మూడోది ఇంకా గట్టి పంది. నాలుగోదానికి వచ్చేసరికి ఆయన ఆర్డరిచ్చిన వెరీ వెరీ హాట్ నా గొంతుకి అడ్డంపడింది. ఐదారు మిరప చక్రాలు ఒకేసారి, అదీ పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపు మీద. గుంటూరువాణ్ణి, పరాయిదేశపు మిరపకాయకి కళ్ళూ ముక్కూ ఏకమై కారిపోతుంటే సింక్ పట్టుకుని దగ్గుతున్నాను.

తల ఎత్తేసరికి హారతి పళ్ళెంతో మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక మామయ్యగారు. నా ముందు డబ్బాలో నాలుగు ముక్కలు, నాలుగింటికీ మూల లేదు. నా చొక్కా నిండా రొట్టె పొట్టు. ఆకాశంలో చంద్రుడు ఇంకా రాలేదు.

"నాలుగూ ఎంగిలి చేశావా?" అంది మా ఆవిడ. ఒకటి తిని ఉంటే క్షమించేదేమో అనిపించింది ఆ గొంతు వింటే.

"పోనియ్యి బిడ్డా. ఆకలైతే ఏం జేస్తడు" అన్నారు మామయ్యగారు. ఆమె విసురుగా వెళ్ళిపోయాక దగ్గరికొచ్చి, నా వీపు మీద మెల్లగా తడుతూ, దగ్గు తగ్గేదాకా ఆగి అన్నారు. "నీది కారుల ఉన్నది. ఎనక సీటు కింద."

మూడు రెళ్ళు ఆరు కదా, డబ్బాలో నాలుగే ఉన్నాయని నాకెందుకు తట్టలేదో. ఆకలి మీద ఎక్కాలు రావు. ఆయన జేబులోంచి రసీదు తీసి, మడత విప్పి, మూడో వరస మీద వేలు పెట్టారు. ఫ్రీ అని ఉంది, దాని పక్కన పోర్క్ అని ఉంది, చక్కటి ఇంగ్లీషులో. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. అవెప్పుడూ కారులో లేవు.

రాత్రి పదింటికి చెత్త పారేసే వంకతో బయటికి వెళ్ళాను. మధ్యాహ్నమంతా ఎండలో ఉన్న కారు తలుపు తీయగానే రెండడుగులు వెనక్కి వేశాను. తినే ఆశ లేదు. పొట్లాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్త డబ్బాలో వేశాను. ఊరిన ముల్లంగి నీళ్ళు మాత్రం కార్పెట్‌లోకి ఇంకి స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి.

పొద్దున మా ఆవిడ ఆఫీసుకు బయల్దేరి, నిమిషంలో ముక్కు మూసుకుని వెనక్కి వచ్చింది.

"ఏం వాసన అది కారులో? ఏం పడింది నాన్నా?"

మామయ్యగారు గ్లాసులోంచి తలెత్తలేదు. నిదానంగా ఊది, ఒక గుక్క తాగారు.

"చాయ్ ఒలికింది బిడ్డా. మెల్లగ నడుపుమని నేను చెప్తనే ఉన్న."