పేరు పోవాలంటే తప్పు చేసి పోవాలి

ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లందరికీ, ముఖ్యంగా నర్సులకు, నాదొక ఉచిత సలహా. కౌన్సిల్ రిజిస్టర్‌లో, అంటే పనిచేయడానికి అనుమతి ఉన్నవాళ్ల సర్కారీ జాబితాలో, మీ పేరు పోయే రాత ఎలాగూ ఉంటే, ఏదైనా ఘనకార్యం చేసి పోగొట్టుకోండి. రెన్యువల్ తేదీ మర్చిపోయి మాత్రం పోగొట్టుకోకండి. మొదటిదానికి మన దేశంలో ఒక పద్ధతీ మర్యాదా ఉన్నాయి. రెండోదానికి క్యూ తప్ప ఇంకేమీ లేదు.

ఎగతాళి అనుకోకండి, రూల్సు చదివే చెబుతున్నాను. డాక్టర్లు ఎలా నడుచుకోవాలో భారత వైద్య మండలి 2002లో ఒక నియమావళి రాసింది. దాని స్థానంలో 2023 ఆగస్టు 2న కొత్తది వచ్చింది గానీ, జనరిక్ పేర్లతోనే మందులు రాయాలన్న నిబంధన మీద గొడవ లేవడంతో అదే నెల 23న దాన్ని అటకెక్కించారు. కాబట్టి మళ్లీ పాతదే దిక్కయింది. ఆ పాతదాని ప్రకారం ఒక డాక్టరు మీద ఫిర్యాదు వస్తే, కౌన్సిల్ ఆయన చెప్పుకునేది వినాలి. ఆయనే రావచ్చు, లాయరునైనా పంపుకోవచ్చు. ఆరు నెలల్లో తేల్చేయాలి. ఒకవేళ పేరు తీసేసినా, అది కొంతకాలానికే అయితే, గడువు తీరాక పేరు మళ్లీ చేర్చాలని కౌన్సిలే ఆదేశించవచ్చు. అంటే శిక్ష రాసిన కలంతోనే విడుదల కూడా రాసి ఇవ్వొచ్చన్నమాట. పైగా, పేరు తీసేసిన సంగతిని స్థానిక పత్రికల్లో బాగా ప్రచారం చేయాలని కూడా ఉంది. నర్సుకి పేపర్లో ఫోటో పడాలంటే మే 12న నర్సుల దినోత్సవం దాకా ఆగాలి. అదీ కేకు కోస్తున్న సూపరింటెండెంటు వెనకాల, సగం మొహం.

ఇక గడువు దాటిపోయిన పేరు సంగతి చూడండి. ఫిర్యాదు ఉండదు, పిలుపు ఉండదు, లాయరు ఉండడు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కినప్పుడు రిజిస్టర్డ్ నర్సు. పన్నెండు కొట్టేసరికి మామూలు మనిషి. అప్పటికి సగం ఎక్కిన సెలైన్ సంగతేమిటి? ముందు ఎక్కిన సగం చట్టబద్ధం, తర్వాతి సగం నేరం అని తీర్మానించుకోవాలేమో.

చట్టాలకేం కొదవ లేదు. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సుల కోసం ఒకటి చేసింది, 1947లో దేశం మొత్తానికీ ఒకటి వచ్చింది, దాన్ని మార్చడానికి 2023లో ఇంకొకటి. వీటన్నిటి సారం ఏమిటంటే, రోగిని ముట్టుకునే చెయ్యి ఎవరిదో సర్కారుకి తెలిసి ఉండాలి. ఎవరు కాదంటారు? నేనైతే రెండు చేతులూ ఎత్తుతాను. నా పేచీ అంతా ఆ చెయ్యి గురించి సర్కారు ఏం తెలుసుకుంటుందన్న దగ్గరే.

రెన్యువల్ ఐదేళ్లకోసారి. ఆ ఐదేళ్లలో డాక్టరు 30 గంటలు చదువుకుంటే చాలునని ఇందాకటి నియమావళే చెబుతుంది. నర్సుకి భారత నర్సింగ్ మండలి పెట్టిన లెక్క 150 గంటలు. ఐదు రెట్లు! నర్సుల మీద ప్రభుత్వానికి ఇంత గౌరవం ఉందని ఇన్నాళ్లూ మనకు తెలియకపోవడం మన ఖర్మ. అదే లెక్కన జీతం కూడా ఐదు రెట్లు ఉంటుందని ఎవరైనా అమాయకులు అనుకుంటే, పొరపాటే గానీ నేరం కాదు.

ఆ గంటలు ఎలా పోగవుతాయో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఐసీయూలో పన్నెండు గంటలు నిలబడి, ముగ్గురు వెంటిలేటర్ రోగుల్ని తెల్లవారేదాకా బతికిస్తే దానికి ఒక్క క్రెడిట్ కూడా రాదు, అంటే ఆ గంటల లెక్కలో ఏమీ జమ కాదు. అది ఉద్యోగం, చదువు కాదు. మర్నాడు పొద్దున అదే యూనిఫాంలో సెమినార్ హాలుకి వెళ్లి, ఏసీ కింద వెనక వరసలో నిద్రపోతే క్రెడిట్ వస్తుంది. పాఠం పేరు ‘చేతులు శుభ్రంగా కడుక్కొనుట’. సంతకం, ఫోల్డరు, పెన్ను, మధ్యాహ్నం వెజ్ బిర్యానీ. అప్పుడు మాత్రం చేతులు కడుక్కోవడానికి వాష్‌రూంలో నీళ్లు రావు.

మా వదిన ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పసిపిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. ఆవిడ రిజిస్ట్రేషన్ గడువు దాటిన సంగతి ఆవిడకి గుర్తు రాలేదు, ఆస్పత్రికీ గుర్తు రాలేదు. తనిఖీ బృందం వస్తోందని తెలిసిన రోజు మాత్రం హెచ్‌ఆర్ వాళ్లకి ఫైళ్ల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. ‘మేడమ్, కాగితం వచ్చేదాకా మీరు పేషెంట్‌ని ముట్టుకోకండి’ అన్నారు. డ్యూటీ చార్టులో నర్సుల వరస నుంచి పేరు తీసి, కింద ‘హెల్పర్’ అని ఉన్న చోట చేర్చారు. జీతం కూడా పేరు వెంటే కిందికి దిగింది.

ఆ వారంలో ఒక నెలలు నిండని బిడ్డకి సెలైన్ ఎక్కించడానికి నరంలోకి లైన్ పెట్టాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ తాజాగా ఉన్న కొత్తమ్మాయి పసుపురంగు క్యాన్యులా, అంటే నరంలోకి దించే సూదిగొట్టాల్లో అన్నిటికన్నా సన్నవాటిల్లో ఒకటి, పట్టుకుని నిలబడింది. చెయ్యి వణుకుతోంది. ఒక గుచ్చు, నరం జారిపోయింది. రెండో గుచ్చు, చర్మం ఉబ్బింది. మా వదిన ముట్టుకోకూడదు కదా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చెబుతోంది: ‘ఫోన్ టార్చి వెయ్యమ్మా. అరచేతి కింద పెట్టు. ఎర్రగా కనపడుతోందా? మధ్యలో నల్లగీత ఉంది చూడు, అదే. వేలితో చర్మం లాగి పట్టు. సూది ఇంకా పడుకోబెట్టు.’ మూడోసారికి గొట్టంలోకి రక్తం వెనక్కి వచ్చింది, నరం దొరికినట్టే. అమ్మయ్య! కేస్ షీట్లో ఎవరి పేరు రాశారో మీకు చెప్పక్కర్లేదు. మన చట్టం ఎంత నిశితమైనదంటే, మా వదిన చేతుల్ని మాత్రమే నిలిపేసింది, నోటి జోలికి పోలేదు.

పోయిన పేరు వెనక్కి తెచ్చుకోవడం గురించి చెప్పాలంటే పదో తరగతి మెమో దగ్గర మొదలుపెట్టాలి. అందులో ఇంటిపేరు ఒక్క అక్షరం. ఆధార్‌లో పూర్తిగా విప్పి ఉంది. ఆవిడ పేరులో ఒకదాంట్లో వెంకటకీ లక్ష్మికీ మధ్య ఖాళీ ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఆ ఖాళీలోంచి ఎవరో వేరే మనిషి దూరి ఇన్నేళ్లూ సూదులు వేసిందేమోనని కౌన్సిల్ ఆఫీసుకి అనుమానం. అనుమానం తీరడానికి స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలన్నారు: ‘పై ఇద్దరూ ఒక్కరే’ అని. మా వదిన తాను తానే అని ప్రమాణం చేసింది. నిజమేనని సాక్షి సంతకం నేను పెట్టాను. నోటరీ మా ఇద్దరి మొహాలూ చూడకుండానే ముద్ర కొట్టాడు.

చదివిన నర్సింగ్ స్కూలు నుంచి మార్కుల వివరాలు కావాలన్నారు. ఆ స్కూలు మూతపడి చాలాకాలమైంది, ఆ బిల్డింగులో ఇప్పుడు ఫంక్షన్ హాలు నడుస్తోంది. మేం ఫోన్ చేసి ట్రాన్స్‌క్రిప్ట్ అనగానే అటువైపాయన ‘ఏ తేదీకి కావాలండీ, ఏసీయా నాన్ ఏసీయా?’ అన్నాడు.

ఇంకో చిక్కు ఉంది, ఇది మా వదిన ఒక్కదానిది కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది, రిజిస్టర్లూ రెండయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో పేరు నమోదైన నర్సు ఇటు పనిచేయాలంటే ఇటు, అటు వెళితే అటు మళ్లీ రాయించుకోవాలి. రోగాలకి మాత్రం విభజన సంగతి ఇంకా తెలియలేదు, కర్నూలు నుంచి అంబులెన్సులు హైదరాబాద్‌కే వస్తున్నాయి. (2021 మేలో, కరోనా రోజుల్లో, తెలంగాణ వాటిని సరిహద్దులో ఆపి విభజన సంగతి నేర్పబోయింది గానీ హైకోర్టు ఒప్పుకోలేదు.)

ఆన్‌లైన్ వచ్చాక ఇదంతా సులువైపోయిందని అంటారు. అయింది కూడా. ఇప్పుడు ప్రతి నర్సుకీ దేశమంతా చెల్లే సొంత నంబరు ఒకటి, ఆధార్‌తో ముడి. ఆధార్‌కి ముడిపడిన ఫోను మా అన్నయ్యది. ఓటీపీ ఆయనకి వస్తుంది, ఆయన మీటింగులో ఉంటాడు, బయటికొచ్చి నంబరు చదివేలోపు దాని గడువు తీరిపోతుంది. గడువు తీరిపోవడం మా ఇంటి ఆచారం అయిపోయింది.

ఇదంతా ఇక్కడి భాగోతమే అనుకుని విమానం ఎక్కే నర్సులకు ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్‌ని మనవాళ్లు కూడా ‘పిన్’ అనే అంటారు. ఏటా ఫీజు కట్టాలి. మూడేళ్లకోసారి 450 గంటల పని, 35 గంటల చదువు చూపించాలి. పైగా ‘నేను ఈ అనుభవం వల్ల ఏం నేర్చుకున్నాను’ అని ఐదు చిన్న వ్యాసాలు రాయాలి. మన దగ్గర ఆ వ్యాసాల పద్ధతి లేకపోవడం కౌన్సిళ్ల అదృష్టం. మా వదిన ఏం నేర్చుకుందో రాస్తే చదవడానికి ఇంకో శాఖ పెట్టాల్సి వచ్చేది. అక్కడ కూడా పిన్ పోయిన నర్సు నర్సుగా పనిచేయకూడదు. హెల్త్‌కేర్ అసిస్టెంటుగా అదే వార్డులో అదే రోగికి స్నానం చేయించొచ్చు.

కానీ ఈ యంత్రాంగం వేగంగా కదల్లేదని మాత్రం ఎవరూ అనకూడదు. 2020 మార్చిలో కరోనా ముంచుకొచ్చినప్పుడు బ్రిటన్ రాత్రికి రాత్రి తాత్కాలిక రిజిస్టర్ తెరిచింది. గడిచిన మూడేళ్లలో పేరు వదులుకున్న నర్సులకు వాళ్లంతట వాళ్లే ఉత్తరాలు రాసి రమ్మన్నారు. ఫీజు లేదు, వ్యాసాలు లేవు. మన దగ్గర 2021 మే నెలలో బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవాళ్లని పూర్తికాలం కోవిడ్ డ్యూటీలకి వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది. 100 రోజులు చేసినవాళ్లకి సర్కారు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామనీ, ప్రధాని పేరుతో సత్కారం ఉంటుందనీ ప్రకటించింది. ఆ రోజుల్లో వెంకటకీ లక్ష్మికీ మధ్య ఖాళీ ఉందా లేదా అని ఎవరూ తొంగి చూసినట్టు లేదు. అందుకే నర్సులకు నా రెండో సలహా: రిజిస్ట్రేషన్ గడువు దాటించుకోవాలనుకుంటే మహమ్మారి సమయం చూసుకుని దాటించుకోండి.

చివరికి మా వదిన పేరు మళ్లీ రిజిస్టర్ ఎక్కింది. కాగితం హెచ్‌ఆర్ చేతిలో పెడితే వాళ్లు అభినందించి, మధ్యలో బ్రేక్ వచ్చింది కాబట్టి కొత్తగా చేరినట్టు లెక్క అన్నారు. ఆరు నెలలు ప్రొబేషన్. ఆ చెయ్యి వణికిన అమ్మాయి ఇప్పుడు ఆవిడకి సీనియరు. ఓరియెంటేషన్ క్లాసుకి రావాలి, పాఠం చేతులు కడుక్కోవడం. ఆ క్లాసు ఇన్నేళ్లూ చెప్పింది మా వదినే కాబట్టి ఈసారి తానే చెప్పి, తానే విని, రెండుచోట్లా సంతకం పెట్టింది.

అన్నట్టు, మధ్యలో ఆవిడకి ఒక ఉద్యోగం వచ్చి తప్పిపోయింది. ఊరి చివర ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అని బోర్డు పెట్టుకున్న ఆర్‌ఎంపీ గారు ఒకాయన ఉన్నారు. లోపల నాలుగు మంచాలు, నాలుగు స్టాండ్లు, నాలుగు గ్లూకోజ్ బాటిళ్లు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. ఆయన్ని చూస్తే ఆ టెన్షన్ ఏమీ కనపడదు. అసలు ఏ రిజిస్టర్‌లోనూ లేని మనిషికి గడువు ఎక్కడ తీరుతుంది? బోర్డుకి మాత్రం ఏటా దసరాకి రంగు వేయిస్తారు.

మా వదిన రిజిస్ట్రేషన్ పోయిందని తెలిసి ఆయనే కబురు పెట్టారు: ‘అమ్మా, సాయంత్రం పూట రండి, మా దగ్గర కాగితాలేం అడగం.’ ఆవిడ వెళ్లలేదు. రెన్యువల్ అయ్యాక బజార్లో కనపడితే మర్యాదకి ఆ సంగతి చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ‘అయితే కష్టమమ్మా, రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు జీతం నేనెక్కడ ఇచ్చుకోగలను’ అన్నారు.