సంతకం వాణిజ్య శాఖది, పర్మిట్ రవాణా శాఖది: ఆఫ్రికా దక్షిణ దేశాల లారీ బేరం

జింబాబ్వే రిజిస్ట్రేషన్ ఉన్న లారీ పొగాకు లోడుతో డర్బన్ రేవుకు వచ్చిందనుకుందాం. తిరుగు ప్రయాణానికి హరారే సరుకు దొరకలేదు. జాంబియా రాజధాని లుసాకాకు వెళ్లాల్సిన కంటైనర్ మాత్రం సిద్ధంగా ఉంది. దాన్ని ఎక్కించుకోవచ్చా? దక్షిణాఫ్రికా, జింబాబ్వేల మధ్య ఉన్న రోడ్డు రవాణా ఒప్పందం ఆ రెండు దేశాల మధ్య నడిచే సరుకు గురించి. దక్షిణాఫ్రికా, జాంబియాల ఒప్పందం ఆ రెండు దేశాల బళ్ల గురించి. ఈ లోడుకు జింబాబ్వే లారీ మూడో దేశపు బండి. కొన్ని ఒప్పందాల్లో చిన్న సడలింపు ఉంటుంది: బండి తన సొంత దేశం మీదుగా వెళ్తే అభ్యంతరం లేదు. అప్పుడు జింబాబ్వే సరిహద్దు చెక్‌పోస్టులైన బైట్‌బ్రిడ్జ్, చిరుండు దారిలో పోతే ఒక జవాబు, బోట్స్వానా వైపు తిరిగి కజుంగుల వంతెన ఎక్కితే ఇంకో జవాబు. 2021 మేలో ప్రారంభమైన ఆ 923 మీటర్ల వంతెనను జింబాబ్వే సరిహద్దు తగలకుండా వంపు తిప్పి కట్టారు మరి. బండి అదే, సరుకు అదే, చేరాల్సిన ఊరూ అదే. దారి మారితే నేరమవుతుంది.

సేవల వాణిజ్యం అంటే అచ్చంగా ఇదే. ఒక దేశపు రవాణాదారు మరో దేశపు వ్యాపారికి సేవ అమ్మవచ్చా, ఏ షరతులతో అమ్మాలి అన్నదే అసలు ప్రశ్న. 16 దేశాల సాడ్క్ (దక్షిణ ఆఫ్రికా అభివృద్ధి సమాఖ్య) కూటమి దీనికోసమే 2012 ఆగస్టులో మపూటోలో సేవల వాణిజ్య ప్రోటోకాల్‌పై సంతకాలు మొదలుపెట్టింది. కమ్యూనికేషన్లు, నిర్మాణం, ఇంధనం, ఆర్థిక సేవలు, పర్యాటకంతో పాటు రవాణాను కూడా ప్రాధాన్య రంగంగా పెట్టుకుంది. తొలి విడత చర్చలు ముగిసేసరికి 2019 వచ్చింది. చాలినన్ని దేశాలు ఆమోదించి, ప్రోటోకాల్ అమల్లోకి రావడానికి 2022 జనవరి 13 దాకా పట్టింది. ఇంత చేసినా పైన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితాల్లో దొరకదు. రెండు దేశాల రవాణా శాఖలు విడిగా చేసుకున్న ఒప్పందాల్లోనే వెతుక్కోవాలి. జాప్యం సంగతి అటుంచితే, ఈ చర్చలు తప్పు బల్ల దగ్గర జరిగాయన్నదే నా అభ్యంతరం.

ఏ సేవకు ఎంత తలుపు తీస్తామో ప్రతి దేశం రాసిచ్చే కట్టుబాట్ల పట్టిక ఎలా ఉంటుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల వర్గీకరణలో రవాణాది 11వ విభాగం. అందులో ‘ఎఫ్’ రోడ్డు రవాణా, ‘హెచ్’ అనుబంధ సేవలు. రోడ్డు మీద సరుకు రవాణా ఒక వరుస, బస్సు ప్రయాణం ఒక వరుస, డ్రైవరుతో సహా బండిని అద్దెకివ్వడం మరో వరుస. ప్రతి వరుసకూ నాలుగు గడులు: సేవ సరిహద్దు దాటి రావడం, వినియోగదారుడే అక్కడికి వెళ్లడం, విదేశీ కంపెనీ స్థానికంగా కార్యాలయం పెట్టడం, మనుషులు వచ్చి పనిచేయడం. ప్రతి గడిలో ‘పరిమితి లేదు’ అనో, ‘కట్టుబడం’ అనో, లేదా షరతు ఏదైతే అదో రాయాలి. అంతర్జాతీయ లారీకి ప్రాణం మొదటి గడి. చర్చల్లో అందరూ జాగ్రత్తపడేదీ అక్కడే. కట్టుబడమనడమో, ‘ద్వైపాక్షిక ఒప్పందాలకు లోబడి’ అని ఒక షరతు తగిలించడమో సులువైన దారి. ఆ షరతు చేరిందంటే మిగతా మూడు గడుల్లో ఎంత ఉదారంగా రాసినా లారీకి ఒరిగేది లేదు. లుసాకాలో కంపెనీ రిజిస్టరు చేసుకోవచ్చు, సరిహద్దు దాటే హక్కు మాత్రం రాదు.

ఇలా జరగడానికి కారణం చిక్కుముడేమీ కాదు. పట్టిక రాసేది వాణిజ్య శాఖ అధికారి. పర్మిట్లు ఇచ్చేది, రెండు దేశాల సంయుక్త కమిటీలో కూర్చునేది రవాణా శాఖ. తన చేతిలో లేనిదాన్ని వాణిజ్య అధికారి కట్టబెట్టలేడు, రవాణా అధికారికేమో తన కమిటీని వదులుకునే అవసరం కనిపించదు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందమైన గాట్స్ నాటి నుంచే దక్షిణాఫ్రికా పొరుగు దేశాలతో ఉన్న రోడ్డు ఒప్పందాలను సమాన ఆదరణ సూత్రం (ఒక దేశానికిచ్చిన సౌకర్యం అందరికీ ఇవ్వాలన్నది) నుంచి మినహాయించుకుంది. ప్రాంతీయ చర్చలకు వచ్చేసరికి ఆ మినహాయింపు అలవాటుగా మారిపోయింది.

ద్వైపాక్షిక ఒప్పందాల ప్రాణం సమాన వాటాలో ఉంది: నీ బళ్లు ఎన్నో నా బళ్లు అన్ని. తెలుగు పాఠకులకు ఇది కొత్తేమీ కాదు. కొవిడ్ తర్వాత నెలల తరబడి ఆగిపోయిన ఆంధ్ర, తెలంగాణ ఆర్టీసీ బస్సులు 2020 నవంబరులో తిరిగి కదిలాయంటే, కిలోమీటర్లు సమానం కావాలన్న పట్టు రెండు వైపులా దాదాపు 1.6 లక్షల దగ్గర తేలాకే. బస్సుల్లో జనం అటూ ఇటూ ఇంచుమించు సమానంగానే తిరుగుతారు కాబట్టి ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. సరుకుకు నడవదు. కాంగో, జాంబియాల గనుల నుంచి రాగి కిందికి దిగుతుంది, గనులకు కావాల్సిన గంధకం, యంత్రాలు, విడిభాగాలు పైకి వెళ్తాయి. ఏ నెలలో ఏ వైపు లోడు ఎక్కువ ఉంటుందో కోటాలు రాసిన కమిటీకి తెలియదు. ఫలితంగా ఒక దేశపు బండి ఖాళీగా వెనక్కి పోతుంటే, అదే రోడ్డు మీద ఇంకో దేశపు బండికోసం సరుకు ఎదురుచూస్తుంటుంది. ఖాళీ కిలోమీటర్ల డీజిల్ ఖర్చును చివరికి మోసేది సముద్రం లేని ఆరు దేశాల కొనుగోలుదారులే: బోట్స్వానా, జింబాబ్వే, జాంబియా, మలావీ, లెసోతో, ఎస్వాతినీ.

ఆ దేశాల ప్రభుత్వాలే ఈ నిబంధనను కాపాడుతుండటం విడ్డూరం. జాంబియాలోనో మలావీలోనో లారీ యజమానులకు సంఘం ఉంది, మంత్రి దగ్గరికి వెళ్లే దారి ఉంది. పెద్ద దక్షిణాఫ్రికా కంపెనీల ముందు నిలవలేమన్నది వారి భయం, అందులో నిజం లేకపోలేదు. ఎరువుకు కిరాయి ఎక్కువ కట్టే రైతు, సిమెంటు కొనే మేస్త్రీ చర్చల గదిలో ఉండరు.

పర్మిట్ కూడా ఉత్త కాగితం కాదు, ఆదాయం. దక్షిణాఫ్రికాలో 1998 చట్టంతో ఏర్పడ్డ సరిహద్దు రోడ్డు రవాణా సంస్థ ప్రధానంగా పర్మిట్ రుసుములతో నడుస్తుంది. రుసుములను బాగా పెంచుతూ 2011లో తెచ్చిన నిబంధనలపై రవాణాదారులు కోర్టుకెళ్లి గెలిచారు. ఆ రద్దు ఎప్పటి నుంచి వర్తించాలన్న తగాదా 2015లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా పోయింది. పర్మిట్లు ఎత్తేద్దామని ప్రతిపాదించేవారు, ఆ సంస్థకు జీతాలు ఎక్కడినుంచి వస్తాయో కూడా చెప్పగలగాలి.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. కోమెసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల ఉమ్మడి మార్కెట్), తూర్పు ఆఫ్రికా కూటమి, సాడ్క్ కలిసి 2017 నుంచి నడిపిన త్రైపాక్షిక రవాణా కార్యక్రమంలో బహుళ దేశాల రోడ్డు రవాణా ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. దాని ఆలోచన సూటిగా ఉంటుంది: ఎన్ని బళ్లు రావాలో లెక్కపెట్టడం మానండి, ఎలాంటి బండి రావాలో చెప్పండి. యజమానికి లైసెన్సు, డ్రైవరుకు శిక్షణ ప్రమాణం, బండికి ఫిట్‌నెస్, ఈ మూడూ ఒక ఉమ్మడి రిజిస్టరులో ఉంటే చాలు, కోటా అవసరం లేదు. పేరుకు చిన్న మార్పే కానీ, ఇది అమలు కావాలంటే హరారేలో ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను ప్రిటోరియా నమ్మాలి. నమ్మడానికి ఆ సమాచారం కంప్యూటర్ తెరమీద కనిపించాలి. అసలు పని అక్కడుంది.

బరువుల సంగతే తీసుకోండి. మొత్తం బరువు పరిమితి 56 టన్నులని కార్యక్రమం ఖరారు చేసింది, దక్షిణాఫ్రికా పరిమితీ అంతే. జంట యాక్సిళ్లకు 18 టన్నులు, మూడు యాక్సిళ్ల గుంపుకు 24 టన్నులు, ఇవీ కలుస్తాయి. జంట టైర్ల ఒంటి యాక్సిల్‌కు వచ్చేసరికి ప్రాంతీయ ప్రమాణం 10 టన్నులు, దక్షిణాఫ్రికాది 9. అసలు ఇబ్బంది మొత్తం బరువులో రాదు. రాగి పలకల కట్ట ఒక్కొక్కటి రెండు టన్నులకు పైనే తూగుతుంది, ట్రైలర్ నేలమీద చాలా తక్కువ జాగా తీసుకుంటుంది. కట్టలు ఒక అడుగు ముందుకో వెనక్కో పడితే మొత్తం 56 లోపే ఉంటుంది, ఒక యాక్సిల్ గుంపు మాత్రం పరిమితి దాటుతుంది. గనిలో ఒకేసారి మొత్తంగా తూచే కాటా దాన్ని పట్టుకోదు, హైవే మీది వేబ్రిడ్జి పట్టుకుంటుంది. అక్కడ కట్టలు సర్దాలంటే ఫోర్క్‌లిఫ్ట్ కావాలి, అది ఉండదు. ఒక దేశపు తూకం చీటీని రెండో దేశం ఒప్పుకోకపోతే ఇదే తంతు ప్రతి వేబ్రిడ్జి దగ్గరా మొదటినుంచి మొదలు. సేవల పట్టికలో ‘దేశీయ నియంత్రణ’ అని ఒక్క మాటతో దాటేసే విషయం రోడ్డు మీద ఇలా ఉంటుంది.

ఇన్సూరెన్స్ ఇంకో ముడి. కోమెసా దేశాల్లో పసుపు కార్డు ఉంటే థర్డ్ పార్టీ బీమా సరిహద్దు అవతలా చెల్లుతుంది. దక్షిణాఫ్రికాలో ప్రమాద పరిహారం పెట్రోలు, డీజిలు మీది సుంకంతో నడిచే నిధి నుంచి వస్తుంది, బండి వెంట తీసుకెళ్లే బీమా పత్రం అంటూ ఉండదు. అందుకే ఆ బండి ఉత్తరానికి పోతే సరిహద్దులో మళ్లీ కొనుక్కోవాలి. ఇటు వచ్చిన జాంబియా బండి డీజిలు పోయించుకుంటే, అడక్కుండానే బీమా కట్టినట్టు. రెండు పద్ధతులూ వాటి చోట సబబే, వాటి మధ్య వంతెన వేయకపోవడమే తప్పు.

రోడ్డు సుంకం మాత్రం అంత భయపెట్టేది కాదు. కోమెసా ప్రమాణం ప్రకారం మూడు యాక్సిళ్లకు మించిన బండికి 100 కిలోమీటర్లకు 10 డాలర్లు. చిరుండు నుంచి లుసాకా మీదుగా కాంగో సరిహద్దులోని కసుంబలెసా దాకా సుమారు 570 కిలోమీటర్లనుకుంటే 57 డాలర్లు. కాంగో గుమ్మంలో క్యూలో రోజుల తరబడి నిలబడే బండికి అప్పు వాయిదా, డ్రైవరు జీతం, బీమా అన్నీ పరిగెడుతూనే ఉంటాయి, వాటి ముందు ఈ 57 డాలర్లు లెక్కలోకి రావు. చర్చల్లో సుంకాల మీద పెట్టిన శ్రమలో సగం నిరీక్షణ మీద పెట్టి ఉండాల్సింది. 2009 డిసెంబరులో చిరుండు ఆఫ్రికాలో తొలి ఉమ్మడి చెక్‌పోస్టుగా మొదలైనప్పుడు దారి తెలిసింది: రెండు దేశాల అధికారులు ఒకే ఆవరణలో కూర్చుంటే బండి ఒక్కసారే ఆగుతుంది.

క్యూలకు రవాణాతో సంబంధం లేని గొడవలూ తోడవుతాయి. 2024 ఆగస్టులో కాంగో జాంబియా నుంచి వచ్చే కూల్‌డ్రింకులు, బీరు దిగుమతులను నిషేధించింది. అక్కడ లారీ వాళ్ల నిరసనలు మొదలయ్యేసరికి జాంబియా సరిహద్దునే కొన్ని రోజులు మూసేసింది. బీరు తగాదాలో రాగి లారీలు ఇరుక్కున్నాయి. వస్తు వివాదం వచ్చినా రవాణా సేవ ఆపబోమని పట్టికలో కట్టుబాటు ఉండి ఉంటే, కనీసం ఎదుటి దేశాన్ని నిలదీయడానికి ఒక కాగితమైనా ఉండేది.

నాలుగో గడి, అంటే మనుషుల రాకపోకలు, అన్నిటికంటే సున్నితం. సేవల పట్టికల్లో ఈ గడి సాధారణంగా మేనేజర్లకు, నిపుణులకు, కంపెనీ లోపల బదిలీ అయ్యేవారికి తలుపు తీస్తుంది. లారీ డ్రైవరు వీటిలో దేనికిందకీ రాడు. సందర్శకుడికి ఏడాదికి 90 రోజులన్న లెక్క నెలకు రెండు మూడు ట్రిప్పులు వేసేవాడికి చాలదు. దక్షిణాఫ్రికాలో విదేశీ డ్రైవర్లను పెట్టుకోవద్దంటూ ఏళ్లుగా ఆందోళనలు, లారీల దహనాలు, దాడులు జరిగాయి. అక్కడి నిరుద్యోగం చూస్తే ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. దక్షిణాఫ్రికా కంపెనీలో తక్కువ జీతానికి కుదిరిన విదేశీ డ్రైవరు వేరు, జింబాబ్వే బండితో సరుకు దించి వెళ్లిపోయే జింబాబ్వే డ్రైవరు వేరు. మొదటిది కార్మిక చట్టం సంగతి, రెండోది సేవల వాణిజ్యం. చట్టంలో ఈ గీత గీయనంత కాలం రోడ్డు మీద నంబరు ప్లేటు చూసి రాయి విసిరేవాడు ఎటూ గీయడు.

క్లియరింగ్, ఫార్వార్డింగ్, గిడ్డంగుల వంటి అనుబంధ సేవల్లో తక్కువ గొడవతో ఎక్కువ ఫలితం రాబట్టవచ్చు, కానీ ధోరణి వెనక్కే ఉంది. టాంజానియా 2017 చట్టం ఖనిజాలు, మైనింగ్ యంత్రాలు, పెట్రోలియం వంటి సరుకుల క్లియరింగ్ పనిని ప్రభుత్వ సంస్థ చేతిలో పెట్టింది. దార్ ఎస్ సలాం రేవు మీద ఆధారపడ్డ లోతట్టు దేశాలకు ఇది నేరుగా తగిలే విషయం, అయినా ఇలాంటిది లారీ కోటాలంత చర్చకు రాదు. విమానాల గురించి ఇక్కడ చెప్పేది తక్కువ: గాట్స్ గగన హక్కులను పక్కన పెట్టేసింది, ఆఫ్రికా దేశాల మధ్య విమాన సర్వీసులను తెరవాలన్న 1999 యముస్సుక్రో నిర్ణయం వేరే దారిలో నడుస్తోంది. రైలు మాత్రం మారుతోంది. దక్షిణాఫ్రికా 2025 ఆగస్టులో ప్రభుత్వ రైలు పట్టాల మీద నడపడానికి 11 ప్రైవేటు కంపెనీలను ఎంపిక చేసింది. పొరుగు దేశాల రైలు కంపెనీలకు అదే పట్టా మీద అదే రేటుకు చోటు దొరుకుతుందా అన్నది ఇప్పుడే పట్టికలో రాయించుకోవాలి, స్లాట్లు నిండాక అడిగితే లాభం లేదు.

వచ్చే విడతలో నేనైతే కబోటాజ్ జోలికి, అంటే ఒక దేశంలోని రెండు ఊళ్ల మధ్య విదేశీ బండి సరుకు మోయడం జోలికి పోను. దానికి ఎవరూ ఒప్పుకోరు, అడిగితే మిగతావీ చెడతాయి. మూడో దేశపు నిబంధనతోనే మొదలుపెట్టాలి. బండి సొంత దేశం మీదుగా పోవాలన్న షరతు తీసేయాలి. ముందు తిరుగు లోడుకు, అదీ ఉమ్మడి రిజిస్టరులో ఉన్న యజమానులకు. రెండేళ్లు చూసి రెండు వైపులకూ. ద్వైపాక్షికంగా ఇప్పటికే ఇస్తున్న సౌకర్యాన్ని వెనక్కి తీసుకోబోమని మొదటి గడిలో రాయాలి. నాలుగో గడిలో ‘సరిహద్దు దాటే బండి సిబ్బంది’ అని విడిగా ఒక వర్గం పెట్టి, రోజుల లెక్కకు బదులు ట్రిప్పుల లెక్క ఇవ్వాలి. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోనూ రవాణా ఐదు ప్రాధాన్య సేవల్లో ఒకటే. దానికి పంపే పట్టికలో పాత సాడ్క్ వరుసలే మళ్లీ అతికిస్తే లాభం లేదు. పంపే ముందు సంయుక్త కమిటీల్లో కూర్చునే రవాణా అధికారుల సంతకం కూడా దానిమీద ఉండాలి.