ఆడతానన్న ఆటగాడిని ఆపేదెవరు?

2025 జూన్ 23, సోమవారం. మన గడియారంలో ఉదయం అయిదున్నరకు మొదలైన అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో, ఓక్లహోమా సిటీ థండర్‌తో తలపడిన చివరిదైన ఏడో మ్యాచ్‌లో, మొదటి క్వార్టర్ ఇంకా అయిదు నిమిషాలు ఉందనగానే ఇండియానా పేసర్స్ జట్టులో ఆటను నడిపించే గార్డ్ టైరీస్ హాలిబర్టన్ కూలిపోయాడు. ఎవరూ తోయలేదు. బంతి అందుకుని కుడికాలిపై బరువు మోపి ముందుకు దూకబోయాడు, మడమ వెనక అకిలిస్ స్నాయువు తెగింది. అప్పటికే మూడు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బాస్కెట్లు) వేసి ఊపుమీదున్నవాడు, బోర్లా పడి అరచేత్తో కోర్టును బాదుతుంటే నాకు టొరంటో గుర్తొచ్చింది.

2019 ఫైనల్స్‌లో టొరంటో రాప్టర్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్ మధ్య అయిదో మ్యాచ్. పిక్క కండరం దెబ్బతిని నెల రోజులు ఆటకు దూరమైన కెవిన్ డ్యురాంట్, సిరీస్‌లో 3-1తో వెనకబడిన తన జట్టు వారియర్స్‌ను ఆదుకోవడానికి వచ్చి, 12 నిమిషాల్లో 11 పాయింట్లు చేసి, అదే కుడికాలి అకిలిస్ తెంచుకున్నాడు. అతడు పడగానే టొరంటో ప్రేక్షకుల్లో కొందరు కేరింతలు కొడితే, రాప్టర్స్ ఆటగాళ్లే చేతులెత్తి వారించాల్సి వచ్చింది. వాళ్లను తిట్టుకున్న నేను కూడా, డ్యురాంట్ ఎలాగైనా దిగాలని ఆ వారమంతా కోరుకున్నవాడినే.

హాలిబర్టన్‌కు కుడి పిక్క పట్టేసింది అయిదో మ్యాచ్‌లో. ఆ రాత్రి అతడి ఖాతాలో చేరినవి నాలుగే పాయింట్లు. అయినా ఆరో మ్యాచ్‌లో దిగి 14 పాయింట్లు చేశాడు, పేసర్స్ 108-91తో గెలిచింది. అసలు ఉచ్చు అక్కడే ఉందని నా అభిప్రాయం. ఒకసారి ఏమీ కాకపోయేసరికి ఆటగాడికీ, కోచ్‌కీ, మనకూ భయం పోయింది. పిక్క కండరాలు మడమ ఎముకను పట్టుకునేది అకిలిస్ ద్వారానే. పిక్క నొప్పితో ఆడిన ప్రతివాడికీ అది తెగదు, నిజమే. కానీ ముప్పు ఎక్కడ పొంచి ఉందో 2019లోనే చూశాం కదా.

ఫైనల్స్‌లో ఆడతావా అని ఆటగాడిని అడగడమంటే, ఆకలిగా ఉన్నవాడిని భోజనం చేస్తావా అని అడగడమే. తలకు దెబ్బ తగిలినప్పుడు ఎన్‌బీఏ ఈ ప్రశ్నను ఆటగాడి ఇష్టానికి వదిలేయదు. జట్టు డాక్టర్ కూడా లీగ్ నియమించిన నిపుణుడితో చర్చించాకే అనుమతి ఇవ్వాలి. పిక్క గాయాలకూ అలాంటి నిబంధన ఉంటే, ఆడలేదన్న నింద ఆటగాడి మీద పడదు. ఆ నింద చిన్నదేమీ కాదు. 2018-19 లీగ్ దశలో 22 మ్యాచ్‌లకు దూరంగా ఉన్న రాప్టర్స్ ఆటగాడు కవాయ్ లెనార్డ్‌ను విశ్రాంతి పేరుతో ఎంత ఎగతాళి చేశారో, ఆ జూన్‌లో ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాక అంత సులువుగా మరిచిపోయారు.

ఓక్లహోమా సిటీ థండర్ 103-91తో గెలిచిన ఆ టైటిల్ విలువ తగ్గిందన్న వాదనతో నేను ఏకీభవించను. లీగ్ దశలో 68 మ్యాచ్‌లు నెగ్గిన జట్టు అది. పైగా హాలిబర్టన్ లేకుండానే పేసర్స్ సగం ఆట ముగిసేసరికి ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది.

మ్యాచ్ అయ్యాక హాలిబర్టన్ చంకకర్రల సాయంతో నిలబడి, లోపలికి వస్తున్న సహచరులను ఒక్కొక్కరినే పలకరించాడు. మళ్లీ అవకాశమొస్తే ఇలాగే ఆడతానని తర్వాత రాశాడు. అది చదివి మొదట పొంగిపోయాను. 2025-26 సీజన్ మొత్తం అతడు ఆడడని జట్టు ప్రకటించిన రోజున మాత్రం ఆ మాటలు మళ్లీ చదవబుద్ధి కాలేదు.