కష్టమంతా పూర్వకర్మ ఫలమేనని బుద్ధుడు అన్నాడా?

మనిషికి కలిగే ప్రతి బాధా గత జన్మ పాపానికి ఫలమేననీ, బాధపడేవాడికి సాయం చేస్తే అతని కర్మ తీరకుండా అడ్డుపడినట్లేననీ, చేసిన పాపాన్ని దానధర్మాలతో కొట్టివేసుకోవచ్చుననీ బౌద్ధం బోధిస్తుందంటూ ఒక సందేశం విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ మూడింటిలో ఏదీ పాళీ భాషలోని బుద్ధుని ఉపదేశాలైన సుత్తాలతో పొసగదు.

మొదటి మాటను మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుని ముందే ఉంచినట్లు సుత్తాల సంకలనాలలో ఒకటైన సంయుత్త నికాయంలో ఉంది. పైత్యం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసిన సన్నిపాతం, ఋతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరుల దాడి, కర్మవిపాకం (కర్మఫలం) అని బాధకు 8 కారణాలను లెక్కించి, అన్నింటినీ పూర్వకర్మకే అంటగట్టేవారు లోకం ఎరిగిన సత్యాన్ని దాటిపోతున్నారని బుద్ధుడు బదులిచ్చాడు. ఎనిమిదింటిలో కర్మ ఒక్కటి, అదీ చిట్టచివరిది.

మరో సంకలనమైన అంగుత్తర నికాయంలోని తర్కం ఇంకా పదునైనది. అంతా పూర్వకర్మ వల్లనే అయితే నేడు హత్య చేసేవాడూ, దొంగిలించేవాడూ పూర్వకర్మ వల్లనే చేస్తున్నాడనాలి. అప్పుడు ఇది చేయదగినది, ఇది చేయరానిది అనే ప్రయత్నానికే తావుండదు. బౌద్ధుల ఐదు నియమాలైన పంచశీలంలోని ప్రతి వాక్యమూ 'ఈ శిక్షాపదాన్ని (నియమాన్ని) స్వీకరిస్తున్నాను' అనే అర్థంతో ముగుస్తుంది; స్వీకరించే స్వేచ్ఛ లేనివాడికి శీలమేమిటి? 'చేతననే (సంకల్పాన్నే) నేను కర్మ అంటాను' అన్న బుద్ధవచనం దృష్టిని గతం నుంచి ఈ క్షణపు సంకల్పం వైపు తిప్పుతుంది. మిత్రుణ్ణి సరిదిద్దాలని అన్న మాటా, పదిమందిలో చిన్నబుచ్చాలని అన్న అదే మాటా ఒకే కర్మ కావు. పని చేయబోయే ముందు, చేస్తుండగా, చేసిన తరువాత అద్దంలో చూసుకున్నట్లు పరిశీలించుకోమని తన కుమారుడు రాహులునికి బుద్ధుడు చెప్పింది ఇందుకే.

హింస అల్పాయుష్షుకు దారితీస్తుందని చూళకమ్మవిభంగ సుత్తంలో ఉన్న మాట నిజమే. అయితే అల్పాయుష్కుడైన ప్రతివాడూ హింసకుడేనని వెనక్కి లెక్క కట్టమని అక్కడ లేదు. కర్మవిపాకాన్ని ఊహతో తవ్వబోయేవాడికి మిగిలేది ఉన్మాదమేనని మరొక సుత్తం హెచ్చరిస్తుంది కూడా.

సాయం కర్మకు అడ్డన్న రెండవ మాటకు, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని ఒక ఘటనే చాలు. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడూ ఆయన శిష్యుడు ఆనందుడూ తమ చేతులతో కడిగి మంచంపై పడుకోబెట్టారు. అతడు తమకేమీ చేయడు గనుక పట్టించుకోలేదని తక్కిన భిక్షువులు చెప్పగా, నన్ను సేవించదలచినవాడు రోగిని సేవించాలని బుద్ధుడు అన్నాడు. రోగి పూర్వజన్మ గురించి అక్కడ ఒక్క ముక్కా లేదు.

పాపాన్ని దానాలతో కొట్టివేయవచ్చన్న మూడవది జమాఖర్చుల లెక్క వంటిది. గిన్నెడు నీటిని ఉప్పగా మార్చే ఉప్పుగల్లు గంగను మార్చలేదని బుద్ధుడు ఉపమానం చెప్పాడు. ఉప్పు మాయం కాలేదు, దానిని ఇముడ్చుకునే నీరు పెరిగింది. ఇక్కడ నీరు అంటే శీలంతో, ధ్యానంతో, ప్రజ్ఞతో విశాలమైన చిత్తం. అంతటి చిత్తాన్ని సాధించి అర్హతుడైన (ముక్తుడైన), ఒకప్పటి హంతకుడు అంగుళిమాలుడు సైతం భిక్షకు వెళ్ళి రాళ్ళదెబ్బలతో, నెత్తురోడే తలతో తిరిగి వచ్చాడు. ఓర్చుకోమన్నాడే తప్ప, నీ లెక్క చెల్లిపోయిందని బుద్ధుడు అతనితో అనలేదు.