ఆస్కార్ జోస్యం గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఆస్కార్ నామినేషన్ల జోస్యం గారికి,

తెలుగు సినిమా అభిమాని ఒకడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. చెప్పింది జరిగితే ‘ముందే చెప్పానా లేదా’ అంటారు, జరగకపోతే ‘అన్యాయం చేశారు’ అంటారు. ఎటు తిరిగినా గెలిచేవారికి రోగాలెందుకొస్తాయి?

ఒకప్పుడు మీతో మాకు పెద్దగా రాకపోకలు ఉండేవి కావు. మా దగ్గర ప్రభుత్వాలిచ్చే సినిమా అవార్డులకు నామినేషన్లనే తతంగమే లేదు. ఐదుగురిని వరసలో నిలబెట్టి నలుగురిని ఉత్తచేతులతో ఇంటికి పంపే ఆట మావాళ్లు ఆడరు. ఢిల్లీలో జ్యూరీ కూర్చుంటుంది, ఓ సాయంత్రం పేర్లు చదివేస్తుంది, అంతే. అదీ తీరిగ్గా. 2021 సినిమాల జాతీయ అవార్డులు 2023 ఆగస్టులో ప్రకటించారు. ‘పుష్ప’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు, తెలుగు హీరోల్లో ఆ అవార్డు అందుకున్న మొదటివాడు. ఆ కబురు వచ్చేనాటికి రెండో భాగం షూటింగ్ నడుస్తోంది. నందుల సంగతి మరీను. 2014, 2015, 2016 మూడేళ్లవీ కలిపి 2017లో ఒకేసారి ప్రకటించారు, పెద్ద గొడవైంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి సినిమా నంది లేవలేదు. తెలంగాణ 2025లో గద్దర్ పేరుతో కొత్తగా మొదలుపెట్టి, పాత బాకీ కింద 2014 నుంచీ లెక్క తేల్చింది. ఇలాంటి చోట మీకు పనేముంది? ఎవరికి వస్తుందో తరవాత, ఏ ఏడాదికి ఇస్తారో చెప్పగలిగితే చాలు.

2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది, మీ పంట పండింది. మార్చిలో ఇక్కడ విడుదలైన సినిమా జూన్‌లో అమెరికా థియేటర్లలో మరోసారి పడింది. సెప్టెంబరు ఆఖర్లో హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో అమెరికన్లు కుర్చీల్లోంచి లేచి నాటు స్టెప్పులేశారు. ఈ మధ్యలోనే, ఆగస్టులో, అక్కడి ఒక సినీ పత్రిక ఉత్తమ నటుడి నామినేషన్ అంచనాల్లో ఎన్టీఆర్ పేరు కనపడింది. ‘వస్తే రావచ్చు’ అన్న బాపతు పేర్లలో ఒకటి. మావాళ్లకు ‘రావచ్చు’ కనపడలేదు, పేరొక్కటే కనపడింది. ఆ రాత్రి నుంచి మీరు మా ఇంటి మనిషైపోయారు.

రెండో హీరో అభిమానులు ఊరుకుంటారా? వాళ్లకూ ఓ జాబితా కావాలి. మీ దగ్గర జాబితాలకు కరువా, వాళ్లకూ ఒకటి దొరికింది. సినిమాలో చరణ్‌ని ఎన్టీఆర్ భుజాల మీద మోశాడు. బయట ఇద్దరి అభిమానులూ ఒకరి హీరోని ఒకరు మీ జాబితాలో కిందికి లాగడంలో మునిగిపోయారు. సినిమా తరఫున అమెరికాలో చేసిన ప్రచారంలో ఇద్దరినీ ఉత్తమ నటుడి విభాగంలోనే పెట్టారు. అంటే ఉన్న నాలుగు ఓట్లూ వాళ్లే చీల్చుకోవాలి. ఈ చిన్న లెక్క మాత్రం మీరు ఎవరికీ చెప్పలేదు. చెబితే మీ గిరాకీ ఏమైపోవాలి?

సెప్టెంబరులో మన దేశం తరఫున అధికారిక ఎంట్రీ కూడా ‘పక్కా’ అన్నారు. ఫిల్మ్ ఫెడరేషన్ వాళ్లు గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని పంపారు. ఇక చూస్కోండి, తిట్లే తిట్లు. తిట్టినవాళ్లలో ఆ సినిమా చూసినవాళ్లని పట్టుకోవాలంటే టార్చిలైటు వేసి వెతకాలి. పల్లెటూరి పిల్లాడొకడు సినిమా పిచ్చిలో పడి, ఇంట్లో వద్దన్నా థియేటర్ చుట్టూ తిరిగే కథ అది. తిట్టినవాళ్ల సొంత కథే, పాపం.

ఇదంతా ఒక ఎత్తు, 2023 సంక్రాంతి ఒక ఎత్తు. ఆ వారం మీరు మా బావ ఇంట్లో మకాం వేశారు. వాళ్లది భీమవరం పక్కన ఊరు. అక్కడ కోడిపందేలకు కుక్కుట శాస్త్రం చూస్తారు. డేగ, కాకి, నెమలి అని ఈకల రంగుని బట్టి కోళ్లకు పేర్లు. ఏ వారం, ఏ నక్షత్రంలో డేగ గెలుస్తుంది, ఎప్పుడు కాకి గెలుస్తుంది, నెమలిని ఏ వేళప్పుడు దించకూడదు, అన్నీ అందులో రాసుంటాయి. శాస్త్రం చూసి గెలిచినవాడూ, చూసి ఓడినవాడూ ఒకే పాకలో పక్కపక్కనే కూర్చుని టీ తాగుతారు, శాస్త్రాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. మీ మర్యాద నాకు అక్కడే అర్థమైంది.

ఆ ఏడాది మీ ముహూర్తం కూడా అదిరింది. 11వ తేదీ పొద్దున్నే ‘నాటు నాటు’కు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. 12న ఆస్కార్ నామినేషన్ల ఓటింగ్ మొదలు, 17న ఆఖరు. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఆ మధ్యలోనే. కనుమ నాడు మేం పళ్లు తోముకునేలోపే క్రిటిక్స్ చాయిస్ వాళ్లు పాటకొకటి, విదేశీ భాషా చిత్రంగా ఇంకొకటి ఇచ్చారు. ఇక బావని పట్టేదెవరు?

ఫోన్‌లో ఎక్సెల్ షీటు తెరిచి చూపించాడు. అరిసెల నూనె అంటి స్క్రీను జిడ్డు జిడ్డుగా ఉంది. ఆకుపచ్చ రంగు వేస్తే ‘పక్కా’, పసుపు వేస్తే ‘ఛాన్సుంది’, ఎరుపు వేస్తే ‘కష్టం’. షీటు మొత్తానికి ఎర్ర గడి ఒక్కటి లేదు. ఉత్తమ చిత్రం పచ్చ, దర్శకుడు పచ్చ. న్యూయార్క్ విమర్శకులు రాజమౌళికి ఉత్తమ దర్శకుడిచ్చారు కదా అని అడ్డంగా వాదన. ఉత్తమ నటుడి వరస రెండుసార్లుంది. బావ ఎన్టీఆర్ మనిషి, వాళ్ల తమ్ముడు చరణ్ మనిషి, పండగ పూట ఇంట్లో గొడవెందుకని రెండు వరసలూ పచ్చగానే ఉంచారు. విజువల్ ఎఫెక్ట్స్ కూడా పచ్చే. “అదేంటి బావా, డిసెంబర్లోనే అకాడమీ పది సినిమాల వడపోత జాబితా ఇచ్చింది, అందులో మనది లేదుగా” అన్నాను. “అవన్నీ చివర్లో మారతాయిలే” అన్నాడు, మధ్యలో మండలాధికారితో మాట్లాడి మార్పిస్తానన్నంత ధీమాగా.

పాట వరస అట్టడుగున, పసుపు రంగులో ఉంది. పేరు గడిలో కీరవాణి ఒక్కడే. చంద్రబోస్ పేరేదని అడిగితే బావ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “పాట రాసినోళ్లకి కూడా ఇస్తారా?”

19న బ్రిటన్ వాళ్లిచ్చే బాఫ్టా అవార్డుల నామినేషన్లు వచ్చాయి. పెద్ద జాబితాలో ఉన్న మన సినిమా చివరి ఐదింట్లో లేదు. మీరు మాకు ఒక్క క్షణం కూడా బాధ కలగనివ్వలేదు, బావ నోటి నుంచి మీరే పలికారు: “ఆ సినిమాలో తెల్లదొరల్ని ఉతికి ఆరేశాం. మళ్లీ వాళ్లే అవార్డిస్తారా ఎక్కడైనా?” ఒప్పుకోక తప్పలేదు. మీరు చెప్పిన కారణాల్లో ఇంత బలమైనది మళ్లీ వినలేదు.

జనవరి 24, మంగళవారం, మన టైముకు సాయంత్రం ఏడు గంటలకు నామినేషన్లు చదివారు. చిత్రం లేదు. దర్శకుడు లేడు. నటుడు రెండుసార్లూ లేడు. పసుపు గడి ఒక్కటే పండింది. సంగీతం ఎం.ఎం. కీరవాణి, సాహిత్యం చంద్రబోస్. ఆర్నెల్లపాటు మీ పేరు చెప్పుకుని కొట్టుకున్న లక్షలమందిలో ఒక్కరూ ఎవరి కోసం కొట్టుకోలేదో, అతనికి వచ్చింది. పాటలో తొంభై శాతం సగం రోజులో రాశాననీ, మిగతా పది శాతానికి ఏడాదిన్నర పైనే పట్టిందనీ చెప్పిన చంద్రబోస్, చల్లగరిగె ఊరి మనిషి. ఆయనకు ఫ్యాన్స్ అసోసియేషన్ లేదు, కటౌట్ లేదు, పాలాభిషేకం లేదు. అందుకే మీ జాబితాల్లో ఆయన పేరు పైకి రాలేదు. అదే సాయంత్రం మన దేశానికి ఇంకో రెండు నామినేషన్లు వచ్చాయి. వాటిలో ముదుమలై ఏనుగుల మీద తీసిన లఘు డాక్యుమెంటరీ మార్చిలో ‘నాటు నాటు’తో పాటే ఆస్కార్ కొట్టేసింది. బావ షీటులో ఆ విభాగానికి గడే లేదు.

మీరు ఏమీ తెలియకుండా చెబుతారని నేననను. మీరు కొలిచేది వేరు, అంతే. బావ షీటులో ట్వీట్ల లెక్క ఉంది, ట్రెండింగ్ లెక్క ఉంది, ఏ నగరంలో ఎన్ని షోలు హౌస్‌ఫుల్ అయ్యాయో ఉంది. ఓటర్ల లెక్క లేదు. నటుల్ని నటులే నామినేట్ చేస్తారు, పాటకు సంగీత విభాగం సభ్యులు మాత్రమే ఓటేస్తారు, అందరూ కలిసి వేసేది ఉత్తమ చిత్రానికి. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగే ప్రాధాన్యం ఓట్లు. ఐదు స్థానాలుంటే పోలైన ఓట్లను ఆరుతో భాగించి ఒకటి కలుపుతారు, అన్ని ఓట్లు వచ్చినవాళ్లు లోపలికి. నటుల విభాగంలో అప్పుడు సుమారు 1,300 మంది సభ్యులు. అందరూ ఓటేసినా 218 మంది గట్టిగా పట్టుబడితే నామినేషన్ ఖాయం. కోటిమంది ‘బాగుంది’ అంటే ఒరిగేదేమీ లేదు, ఆ 218 మంది మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.

నమ్మరా? అదే రోజు ఉత్తమ నటి నామినేషన్లు చూడండి. ఆండ్రియా రైజ్‌బరో పేరు వచ్చింది. ఆవిడ నటించిన ‘టు లెస్లీ’ థియేటర్లలో తెచ్చింది మొత్తం ఇరవై ఏడు వేల డాలర్లు. మన పెద్ద హీరో సినిమాకు డాలస్‌లో ఒక్క ప్రీమియర్ రాత్రి వచ్చే డబ్బు కూడా కాదు. ఓటింగ్ రోజుల్లో తోటి తారలు ఒకరి తర్వాత ఒకరు ఆవిణ్ని పొగుడుతూ పోస్టులు పెట్టారు, అంతే, సీటు దొరికేసింది. అకాడమీ విచారణ జరిపి కూడా నామినేషన్ ఉంచేసింది. ఆ ఉదయం అమెరికాలో మీ కొమ్ములు తిరిగిన శిష్యులంతా నోళ్లు వెళ్లబెట్టారు. ఎంతసేపు? టిఫిన్ అయ్యేదాకా. మధ్యాహ్నానికి ‘ఎవరు గెలుస్తారు’ అనే కొత్త జాబితా సిద్ధం.

డాలస్ అంటే గుర్తొచ్చింది. మీ తమ్ముడొకడున్నాడు, ‘ఆస్కార్ బరిలో మన సినిమా’ అనే శీర్షిక. ఏటా జనవరి మొదట్లో అకాడమీ ఒక జాబితా ఇస్తుంది, ఓటుకు అర్హత ఉన్న సినిమాల పట్టిక. 2025లో అందులో 323 సినిమాలున్నాయి. తమిళ సినిమా ‘కంగువ’ కూడా ఉంది. మర్నాడు మన పత్రికల్లో, ఛానెళ్లలో ఒకటే హడావుడి. మామూలు అర్హతకు కావలసిందేమిటి? అమెరికాలో ఆరు నగర ప్రాంతాల్లో ఏదో ఒకచోట థియేటర్‌లో వారం రోజులు ఆడాలి, కాగితాలు సరిగ్గా పెట్టుకోవాలి. ఆ ఆరింట్లో డాలస్ ఉంది, అట్లాంటా ఉంది, బే ఏరియా ఉంది. ఈ మూడు చోట్లా వారం ఆడని పెద్ద తెలుగు సినిమా ఏదైనా ఉంటే చెప్పండి. ఉత్తమ చిత్రానికైతే ఇంకొన్ని షరతులున్నాయి, అవి దాటినవే ఆ ఏడాది 207. అంటే పరీక్షకు ఫీజు కట్టినవాళ్ల జాబితా చూసి ‘మావాడు ఐఏఎస్ బరిలో’ అని ఫ్లెక్సీ కట్టే పని మీ తమ్ముడు చేస్తున్నాడు. కాస్త మందలించండి. మీ మాట వింటాడు, ఇద్దరిదీ ఒకే వ్యాపారం కాబట్టి.

ఇంతకీ మీరు రావొద్దని కాదు ఈ ఉత్తరం. రండి. మీరు లేకపోతే డిసెంబరు నుంచి మార్చి దాకా మావాళ్లకి ఊసుపోదు. వచ్చేటప్పుడు ఆ ఎక్సెల్ షీటులో ఒక వరస అదనంగా వేసుకుని రండి, ఎడిటర్లకో సౌండ్ వాళ్లకో. పేర్లు నింపడానికి మాకు కాస్త టైము పడుతుంది. టైటిల్స్ పడుతున్నప్పుడు మేం ఈలలేస్తుంటాం మరి.

ఇట్లు,
మీ జాబితాలు క్రమం తప్పకుండా చదివే
విధేయుడు

తా.క.: అకాడమీ వాళ్లు 2025 ఏప్రిల్లో కొత్త విభాగం ప్రకటించారు, స్టంట్ డిజైన్. 2027లో విడుదలయ్యే సినిమాలకు, 2028లో జరిగే నూరో ఆస్కార్‌లో మొదటిసారి ఇస్తారు. ఆ ప్రకటనతో వేసిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ ఫొటో కూడా ఉంది. రాజమౌళి, మహేశ్ బాబుల సినిమా వచ్చేది కూడా 2027లోనే అని బావకు నేను చెప్పనక్కర్లేకపోయింది. కొత్త షీటు అప్పుడే తెరిచాడు. ‘ఆర్ఆర్ఆర్’ ఫైట్లకు కింగ్ సోలమన్‌కి జాతీయ అవార్డు వచ్చింది తెలుసా అని అడిగితే, “ఆయనెవరు?” అన్నాడు. స్టంట్ డిజైన్ గడి మాత్రం ఆకుపచ్చగా ఉంది. పేరు గడిలో మహేశ్ బాబు అని రాశాడు. ఫైట్ మాస్టర్ ఎవరో తరవాత కనుక్కుంటాడట.